తెర నేర్పిన చేతులు

ఐఫెల్ కొండల మీద మంచు విచ్చుకునే ఉదయాన్ని నేనెన్నడూ చూడలేదు. అయినా జర్మనీలోని ఆ అడవిలో ఏ మలుపు వెనక ఏ మలుపు దాగి ఉందో, దారి ఎక్కడ కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టు జారిపోతుందో, చక్రాలు ఎక్కడ నేలను విడిచి రెప్పపాటు గాలిలో తేలతాయో నాకు కంఠతా వచ్చు. నూర్‌బుర్గ్‌రింగ్ నార్డ్‌ష్లైఫె! 1927లో తెరిచిన రేసు దారి. 20.8 కిలోమీటర్ల పొడవున, డెబ్బైకి పైగా మలుపులతో, దాదాపు 300 మీటర్ల ఎత్తుపల్లాలతో కొండల మీద విచ్చలవిడిగా పరుచుకున్న సౌందర్యం. జాకీ స్టీవర్ట్ దానికి పచ్చని నరకమని పేరు పెట్టాడు. పెడితే పెట్టాడు గాని, మీరు రసికుల కంటితో చూడండి. హాట్‌జెన్‌బాఖ్‌లో వయ్యారంగా మెలికలు తిరుగుతూ అడవిలోకి చొరబడి, ఫ్లుగ్‌ప్లాట్జ్ మిట్ట మీద ఒక్కసారి తన బరువు తాను మరిచి, ఫుక్స్‌రోరె పల్లంలోకి దూకి, ఆ దూకుడు తీరకముందే ఎదురుమిట్టకు ఎగబాకి, కారుసెల్ కాంక్రీటు ఒంపులో గిర్రున తిరిగి, చిట్టచివర డ్యోటింగర్ హోహె సూటిదారిలో గుండెనిండా ఊపిరి పీల్చుకునే ఆ ప్రయాణం, ఎనిమిది నిమిషాలైనా పట్టని ఒక మహాప్రబంధం!

దాన్ని నేను తెర మీదే చదువుకున్నాను. నాలాగే దేశదేశాల కుర్రాళ్లు తమ తమ గదుల్లో, బల్లకు బిగించిన స్టీరింగు ముందు కూర్చుని చదువుకున్నారు. గ్రాన్ టురిస్మో, ఐరేసింగ్, అసెట్టో కోర్సా... పేరు ఏదైతేనేం, ఈ సిమ్యులేటర్లను తీర్చిదిద్దినవాళ్లు లేజర్ కిరణాలతో దారి మీది గతుకునూ అతుకునూ కొలిచి మన ముందు పరిచారు. ఇక అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే. నాలుగు గోడల మధ్య అబ్బిన ఈ విద్య అసలు తారు మీద, అసలు వేగంలో, చావు పక్కసీటులో కూర్చున్నప్పుడు నిలుస్తుందా? లెక్కలు తెలిసినవాళ్లు లెక్కలతో జవాబు చెబుతారు. నాకు మాత్రం ఇది మొదటినుంచీ రసానికి సంబంధించిన ప్రశ్నగానే తోస్తోంది. ఎందుకంటారా? కాస్త పక్కన కూర్చోండి.

2025 సెప్టెంబరు 27న ఆ అడవిలో నాలుగు గంటల పోటీ జరిగింది. ఒక ఫెరారీ 296 జీటీ3 కారును ఇద్దరు వంతులవారీగా నడిపారు. ఒకడు మాక్స్ వెర్‌స్టాపెన్, అప్పటికే నాలుగుసార్లు ఫార్ములా వన్ ప్రపంచ విజేత. రెండోవాడు క్రిస్ లల్హమ్, టీమ్ రెడ్‌లైన్ తరఫున తెర మీది పోటీల్లో పేరు తెచ్చుకుని ఆమధ్యనే అసలు కార్లలోకి అడుగుపెట్టిన బ్రిటిష్ కుర్రాడు. అక్కడో ముచ్చట ఉంది. ఎంతటి విజేతైనా ఆ దారి మీద మినహాయింపు లేదు. పెద్ద కారు నడిపే అనుమతి కోసం వెర్‌స్టాపెనంతటివాడు రెండు వారాల ముందు శక్తి తగ్గించిన పోర్షే కేమన్‌లో బుద్ధిగా పోటీచేసి అర్హత సంపాదించుకోవలసి వచ్చింది. అంతకుముందు మే నెలలో ఫ్రాంజ్ హెర్మన్ అనే దొంగపేరుతో వచ్చి అక్కడ కారు నడిపి వెళ్లాడు. మారువేషంలో ఊరు చూసిపోయే రాజుల కథలు మనకు కొత్తవా!

ఆ రోజు మూడో స్థానం నుంచి కదిలిన ఫెరారీ మొదటి మలుపు దగ్గరే అందరికన్నా ముందుకొచ్చింది. ఆ తర్వాత జరిగినదాన్ని పోటీ అనడానికి నాకు మనసొప్పదు. వందకు పైగా కార్లు, రకరకాల శక్తులు, రకరకాల వేగాలు. దారి నిండా నెమ్మదైన కార్లు అడ్డుపడుతుంటే వాటి సందుల్లోంచి ఒక మెరుపు దూసుకుపోతూనే ఉంది. అసలు దారి మీద వెర్‌స్టాపెన్ తిరిగిన చుట్లు కొద్ది. తెర మీద తిరిగినవి లెక్కలేనన్ని. ఆ చేతులను చూశారా? స్టీరింగు మీద తొందర లేదు, తడుముకోవడం లేదు. కంటికి కనబడని మిట్ట అవతల దారి ఎటు వంగుతుందో కంటికన్నా ముందు మణికట్టుకు తెలుసు. గుడ్డి మలుపులోకి పూర్తి వేగంతో, ఇంటి గుమ్మంలో అడుగుపెట్టేంత ధీమాతో!

అతని వంతు ముగిసింది. లల్హమ్ ఎక్కాడు. నా గుండె అప్పుడే కొట్టుకోవడం మొదలుపెట్టింది. వెర్‌స్టాపెన్ సంగతి వేరు. నాలుగేళ్ల వయసు నుంచి కార్ట్ అనే చిట్టి రేసుబండిలో పెరిగినవాడు, అతనికి తెర ఒక అదనపు అలంకారం. ఈ కుర్రాడు పేరు తెచ్చుకున్నదే తెర మీద. ఎదురుగా పచ్చని నరకం, వెనక నుంచి ఆబగా తరుముకొచ్చే కార్లు, చేతిలో ఒక మహావిజేత అప్పగించిన ఆధిక్యం. పోగొడితే లోకమంతా నవ్వుతుంది. అతను పోగొట్టలేదు. చుట్టు తర్వాత చుట్టు, ఒకే శ్రుతిలో, ఒకే కాలంలో నడిపి ఇరవై సెకన్లకు పైగా తేడాతో గీత దాటించాడు. విజయం చూసి చప్పట్లు కొట్టేవారు కొట్టనీండి. నేను ఆ సమత్వానికి చేతులు జోడించాను. కాలం ఒక్క మాత్ర కూడా జారని నడక అది.

ఇప్పుడు రసం సంగతికి వద్దాం. నాట్యశాస్త్రకర్త భరతుడు భయానక రసానికి స్థాయిభావం భయం అన్నాడు. రంగస్థలం మీద పులి గాండ్రింపు వినిపిస్తే మన ఒళ్లు జలదరిస్తుంది, కాని లేచి పరిగెత్తం. పైగా ఆ జలదరింపు ఇంకాసేపు ఉంటే బాగుండునని కోరుకుంటాం. ఆ భయం నాదీ కాదు, మీదీ కాదు, ఎవరిదీ కాదు గనుక దాన్ని ఆస్వాదించగలుగుతున్నాం. ఆలంకారికుడు భట్టనాయకుడు దీనికి సాధారణీకరణమని పేరు పెట్టాడు. సిమ్యులేటరు అచ్చంగా ఆ నాట్యశాలే! గోడకు గుద్దుకున్నా ఒక మీట నొక్కితే కారు మళ్లీ కొత్తగా నిలబడుతుంది. భయానికి ఉండే రుచి అంతా ఉంది. కోర ఒక్కటే లేదు. అందులో మునిగినవాడు వీరాన్నీ అద్భుతాన్నీ భయానకాన్నీ మూడింటినీ కలిపి తాగుతాడు, తాగి కుర్చీలోంచి క్షేమంగా లేస్తాడు.

లోకంలో ఏ నాటకం చూసిన సహృదయుడినీ ఎవరూ వచ్చి, ‘బాబూ, ఇక అసలు అడవికి పద, అసలు పులి అక్కడుంది’ అనరు. ఈ ఒక్క కళలోనే అలా అంటారు. అందుకే ఈ కుర్రాళ్లను చూస్తే నాకంత పులకింత. రసాన్ని చవిచూసినవాడు భావంలోకి నడిచి వెళ్తున్నాడు!

వెళ్లినవాడికి అక్కడ చేతులు ఉపయోగపడతాయా అంటే, ఉపయోగపడతాయి. ఎంతగా అంటే, కొన్నిసార్లు కార్ట్‌లో పెరిగినవాళ్ల చేతులకన్నా నిర్మలంగా. చిన్నప్పుడే దారి మీదకొచ్చిన పిల్లవాడు ప్రతి మలుపునూ భయంతో కలిపి నేర్చుకుంటాడు. ఒకసారి పడి, ఒకసారి గడ్డిలోకి జారి, ఒకసారి నాన్న మొహం చూసి నేర్చుకుంటాడు. ఆ సంకోచం అతని బ్రేకులో ఎక్కడో ఒక చిన్న వణుకుగా మిగిలిపోతుంది. తెర దగ్గర పెరిగినవాడి చేతులు భయం పుట్టకముందే నేర్చుకున్నాయి. వాటికి సంకోచమంటే తెలియదు. అవి గీసే గీతలో ఒక అమాయకత్వం ఉంటుంది. నాకు ఆ అమాయకత్వమే ప్రాణం. దాని ప్రమాదం కూడా నాకు తెలుసు, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ట్రెయిల్ బ్రేకింగ్ అంటారే, దాన్ని ఒక్కసారి మనసుపెట్టి చూడండి. సూటిదారి చివర బ్రేకు మీద పాదం బలంగా పడుతుంది. కారు ముక్కు వంచుతుంది. అక్కడితో బ్రేకు వదిలేసి తిప్పేవాడు డ్రైవరు. మలుపులోకి తిరుగుతూ, తిప్పే కొద్దీ పాదాన్ని పొరలు పొరలుగా, నొప్పి తెలియకుండా పైకి తీసేవాడు కళాకారుడు. పాదం సడలే వేగమూ స్టీరింగు తిరిగే వేగమూ ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటాయి. వాకిట్లో చుక్కలు పెట్టి, వాటిని చూడకుండానే వాటి చుట్టూ తిరిగే ముగ్గుగీతలా, ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో అతుకు కనబడదు. కారు వెనకభాగం లేచీ లేవనట్టు, జారీ జారనట్టు తేలిపోతూ మలుపు మధ్యబిందువును ముద్దాడి బయటికొస్తుంది. ఆహా! ఇదంతా రెండు సెకన్లలోపు. ఈ విద్యకు కావలసింది పాదంలో ఎంత బలం పడిందో కండరానికి గుర్తుండటం. మంచి సిమ్యులేటరు పెడలు పాదం ఎంత దూరం కదిలిందన్నది పట్టించుకోదు. ఎంత బలంగా తొక్కిందో అదే కొలుస్తుంది. కాబట్టి గదిలో నేర్చిన పాదం మైదానంలోనూ పాదమే. ఒకే మలుపును ఒకే రాత్రి వందసార్లు తొక్కిచూసే భాగ్యం అసలు దారి మీద ఏ కోటీశ్వరుడికీ దొరకదు. టైర్లు అరిగిపోతాయి, పెట్రోలు అయిపోతుంది, సాయంత్రమైపోతుంది.

ఈ భాగ్యాన్ని లోకానికి మొదట చూపించింది జీటీ అకాడమీ. 2008లో నిస్సాన్, సోనీ కలిసి గ్రాన్ టురిస్మో ఆటగాళ్లలోంచి రేసు డ్రైవరును ఏరుతామన్నప్పుడు మోటారు లోకం ముసిముసిగా నవ్వుకుంది. గెలిచినవాడు లూకాస్ ఓర్డోన్యెజ్, స్పెయిన్ కుర్రాడు. మూడేళ్లు తిరిగేసరికి, 2011లో, లె మాన్ 24 గంటల పోటీలో ఎల్ఎంపీ2 తరగతిలో రెండో స్థానపు వేదిక మీద నిలబడ్డాడు. లె మాన్! రాత్రి పదకొండు దాటాక ఆ దారిని ఊహించుకోండి. టెర్త్ర్ రూజ్ దాటగానే చెట్లమధ్య పొడవాటి చీకటి. దీపాల వెలుగు అందుకున్నంత మేరే లోకం. ఇండియానాపొలిస్ దగ్గర ఎర్రగా కాగిన బ్రేకు పళ్లాలు నిప్పుపూలై విచ్చుకుంటాయి. పోర్షే మలుపుల్లో గోడలు చెవిపక్కనే ఈలవేస్తాయి. తెల్లవారుజామున ఆకాశం పాలిపోయి గులాబీరంగు తిరిగే వేళకు డ్రైవరు కళ్లలో ఇసుక పోసినట్టుంటుంది. ఒకప్పుడు సోఫాలో కూర్చుని ఇదే దారిని బొటనవేళ్లతో తిప్పిన కుర్రాడు ఆ ఉషస్సులోకి మూడువందల కిలోమీటర్ల వేగంతో దూసుకొస్తుంటే, నవ్విన నోళ్లు ఏమైపోయాయో!

అతని వెనకే జాన్ మార్డెన్‌బరో. కార్డిఫ్‌లో పెరిగినవాడు; 2011లో దాదాపు 90,000 మందిని దాటుకుని అకాడమీ గెలిచాడు. 2013లో లె మాన్‌లో ఓర్డోన్యెజ్‌తో ఒకే కారు పంచుకుని తరగతిలో మూడో స్థానం, 2014లో హాకెన్‌హైమ్‌లో జీపీ3 రేసు విజయం. తడి దారి మీద, పట్టు దొరికీ దొరకని చోట అతను కారుతో మాట్లాడుకునే తీరు నాకిష్టం. తడిలో రబ్బరుకు ఎక్కడ పట్టు దొరుకుతుందో వెతుక్కోవాలి; ఎండిన దారి గీత అక్కడ పనికిరాదు. ఆ వెతుకులాటకు సిగ్గుండకూడదు. ఆటలో లక్షసార్లు జారినవాడికి జారడమంటే ఏం సిగ్గు?

వీళ్ల కథంతా పూలబాటని మీరనుకుంటే పొరపాటు. దేహమనే గడుసు సాక్షి ఒకటుంది. ఫిన్లాండ్‌కు చెందిన గ్రెగర్ హుట్టు ఐరేసింగ్‌లో ఎదురులేని విజేత. టాప్ గేర్ పత్రికవాళ్లు అతన్ని అమెరికాలోని రోడ్ అట్లాంటాకు తీసుకెళ్లి అసలు స్టార్ మాజ్దా కారులో కూర్చోబెట్టారు. మొదటి చుట్లనుంచే అతని బ్రేకు బిందువులు చెక్కినట్టు కుదిరాయి. ఎప్పుడూ ఎక్కని కారులో, ఎప్పుడూ తొక్కని దారిలో! అప్పుడు మెడ ఎదురుతిరిగింది. ఎండ, శిరస్త్రాణం లోపలి ఉక్క, మలుపు మలుపుకూ తలను ఒక పక్కకు లాగేసే బలం. పాపం, వాంతి చేసుకున్నాడు. చేతులు పండితులే, కడుపు మాత్రం ఇంకా ఓనమాల దగ్గరే ఉంది. నేనీ కథను నవ్వుతూనే చెబుతాను గాని, దీన్ని సిమ్యులేటరు ఓటమిగా ఎత్తిచూపేవాళ్లతో ఏకీభవించను. మెడ వ్యాయామశాలలో పెరుగుతుంది. ఫార్ములా వన్ కారు బ్రేకు వేస్తే దేహం మీద తన బరువుకు నాలుగైదు రెట్లు పడుతుంది. దాన్ని ఏ తెరా చూపలేదు, ఏ తెరనూ ఆ నేరానికి శిక్షించనక్కర్లేదు.

నాకు నిజంగా లోటుగా తోచేది ఇంకొకటి. కారు జారబోయే క్షణం మొదట తెలిసేది కళ్లకు కాదు, నడుముకు, వీపుకు. సీటు అంచులోంచి ఒక సన్నని కదలిక వెన్నెముక అడుగున పలుకుతుంది. పాతకాలపు డ్రైవర్లు ఈ పలుకు విని బతికారు. గదిలోని కుర్చీ కదలదు గనుక సిమ్ రేసరు ఆ కబురును స్టీరింగులోంచి, టైరు అరుపులోంచి, తెర అంచున దారి జరిగే జరుగులోంచి ఏరుకుంటాడు. ఒక ఇంద్రియం మూసుకుపోతే మిగతావి ఎంత పదునెక్కుతాయో! అలాంటివాడు అసలు కారు ఎక్కిన రోజున ఆ మూసిన తలుపు తెరుచుకుంటుంది. ఇన్నాళ్లూ చెవితోనూ కంటితోనూ ఊహించుకున్నది ఒక్కసారి ఒంటికి సోకుతుంది. ఆ మొదటి సోకుడు ఎలా ఉంటుందో అడిగి తెలుసుకోవాలని నాకు ఎంత ఆశో.

ప్రమాదం దగ్గరికి తర్వాత వస్తానన్నాను కదా. 2015 మార్చి 28. అదే నార్డ్‌ష్లైఫె, అదే ఫ్లుగ్‌ప్లాట్జ్. మార్డెన్‌బరో నడుపుతున్న నిస్సాన్ జీటీ-ఆర్ ముక్కు మిట్ట మీద పైకి లేచింది. గాలి కిందికి దూరింది. కారు నిలువునా లేచి కంచె దాటి జనంలో పడింది. ఒక ప్రేక్షకుడు చనిపోయాడు. దీని మీద నాకు అలంకారాలు లేవు. ఆ కుర్రాడు తెరలోంచి వచ్చాడు గనుక ఇలా జరిగిందని అన్నవాళ్లున్నారు. ఆ మిట్ట మీద ఎంత అనుభవజ్ఞుడికైనా గాలి అలాగే దూరుతుంది. ఆ తర్వాత ఆ దారిలో కొన్నిచోట్ల వేగానికి హద్దులు పెట్టారు, మిట్టలను సరిచేశారు. అతను మళ్లీ కారెక్కాడు. 2023లో వచ్చిన గ్రాన్ టురిస్మో సినిమా ఈ ప్రమాదాన్ని 2013 లె మాన్‌కు ముందు జరిగినట్టు జరిపేసి, వేదిక మీది గెలుపుకు మెట్టుగా వాడుకుంది. ఔచిత్యం తెలిసినవాడు చేసే పని కాదది. ఒక మనిషి చావును కథానాయకుడి ఎదుగుదలకు సంచారిభావం చేయకూడదు.

మళ్లీ వెలుగులోకి వద్దాం. 2019 జనవరి, మెక్సికో సిటీ, ఫోరో సోల్ క్రీడాంగణం. రేస్ ఆఫ్ చాంపియన్స్‌లో ఇటలీ సిమ్ రేసరు ఎంజో బొనీటో ఫార్ములా ఈ విజేత లూకాస్ డి గ్రాస్సీని ఓడించాడు. ఇండియానాపొలిస్ 500 గెలిచిన రయన్ హంటర్-రేనూ ఓడించాడు. అందరికీ కొత్త కార్లు, అందరికీ ఇరుకు దారి. పక్కపక్కనే ఇద్దరు, కొద్దిసేపటి ద్వంద్వయుద్ధం. ఎక్కిన కారును ఎక్కినట్టే పట్టేసుకోవడం, దాని స్వభావాన్ని ఒకటి రెండు మలుపుల్లో చదివేయడం సిమ్ రేసరుకు రోజువారీ అలవాటు. సాయంత్రం ఒక కారు, రాత్రి ఇంకో కారు! 2020లో బ్రిటన్‌లో సిమ్ రేసరు జేమ్స్ బాల్డ్విన్ మెక్‌లారెన్ 720ఎస్ జీటీ3లో తొలి పోటీనే గెలిచినప్పుడూ ఇదే గుణం కనబడింది. (ఆయన చిన్నప్పుడు కార్ట్ నడిపినవాడే లెండి, తెర ఒక్కటే అంతా చేసిందని నేననను.)

తెర ఒక్కటే దాదాపు అంతా చేసిన వాడు కావాలంటే అమెరికాలో విలియం బైరన్ ఉన్నాడు. ఐరేసింగ్‌లో వందకు పైగా గెలుపులు మూటగట్టుకుని, పద్నాలుగో పదిహేనో ఏళ్లు వచ్చాకగాని అసలు కారు ముట్టనివాడు. అక్కడి లెక్కలో అది ముసలితనం. అలాంటివాడు 2024లోనూ 2025లోనూ వరసగా డేటోనా 500 గెలిచాడు. ఓవల్ రేసులను మనవాళ్లు గుండ్రంగా తిరగడమే గదా అని చప్పరించేస్తారు. దయచేసి అలా చేయకండి. నలభై కార్లు అరచేయంత ఎడంలో, ఒకదాని గాలిని ఒకటి తాగుతూ, ఒకదాన్ని ఒకటి నెట్టుకుంటూ గంటకు మూడువందల కిలోమీటర్ల దగ్గర సాగే ఆ గుంపునాట్యంలో కళ్లు ముందుకి, మనసు వెనక్కి ఉండాలి. వెనక ఎవడు ఎప్పుడు జరుగుతాడో అద్దంలో చూసేలోపు ఆలస్యమైపోతుంది. ఆ ముందుచూపు రాత్రుళ్లు తెర ముందు కూర్చుని కట్టుకున్నది.

ఇక తెర ఇవ్వగల అత్యుత్తమ వరం నా దృష్టిలో ఊహ. 2015 ఆగస్టు, బెల్జియంలో స్పా. పదిహేడేళ్ల వెర్‌స్టాపెన్, టోరో రోసో కారు. ముందు ఫెలిపె నాస్ర్. ఎదురుగా బ్లాంషిమోన్, దాదాపు పూర్తి వేగంతో తీసుకునే ఎడమ మలుపు. లోపలి నుంచి దాటడమే సాహసం. అతను బయటి నుంచి వెళ్లాడు! ఆ వేగంలో, ఆ అంచున, పక్కవాడి చక్రానికి తన చక్రం ఆనీ ఆననట్టు, దుమ్ము మీద బతుకు మోపి మలుపంతా పక్కపక్కనే నిలిచి, తర్వాతి బస్ స్టాప్ దగ్గర దాటేశాడు. చూసినవాళ్లు లేచి నిలబడ్డారు. ఆ దాటడాన్ని ముందే సిమ్యులేటర్‌లో స్నేహితుడితో కలిసి సాధన చేశానని తర్వాత చెప్పాడు. ఈ మాట వినగానే కొందరికి ఆ ఘట్టం రుచి తగ్గిందట. నాకు రెట్టింపైంది. పద్యం చెప్పేవాడు అవధానంలో ఆశువుగా చెప్పినట్టు కనబడ్డా, దాని వెనక ఎన్ని రాత్రుల ధారణ ఉందో మనకు తెలియదా? మెరుపు మెరవడానికి ముందు మేఘం నిండాలి.

2024 మేలో ఇంకా చిత్రం చేశాడు. ఇటలీలో ఇమోలా గ్రాండ్ ప్రీ వారాంతం. పగలు అసలు కారు. రాత్రి తన బస నుంచే తెర మీద నూర్‌బుర్గ్‌రింగ్ 24 గంటల పోటీ. ఆదివారం టీమ్ రెడ్‌లైన్ అదీ గెలిచింది, అతను ఇమోలా కూడా గెలిచాడు. నాటకశాలకూ అడవికీ మధ్య తలుపు లేనట్టే తిరిగాడు!

మన గడపలోకి కూడా ఈ విద్య ఒకసారి వచ్చి వెళ్లింది. 2023 ఫిబ్రవరి 11, హైదరాబాద్ ఈ-ప్రీ. నెక్లెస్ రోడ్డు, సచివాలయం చుట్టుపక్కల వీధులు, హుస్సేన్ సాగర్ గాలి. 2.8 కిలోమీటర్ల ఆ దారి మీద అంతకుముందు ఫార్ములా ఈ కారు ఏదీ తిరగలేదు. అయినా వచ్చిన డ్రైవర్లందరికీ ఆ మలుపులు తెలుసు. ఐరోపాలో ఎక్కడో సిమ్యులేటర్లలో కూర్చుని, సాగర్ నీళ్లు చూడకముందే మన వీధుల్లో వందల చుట్లు తిరిగి వచ్చారు. మనం రోజూ ఆటోలో ఇరుక్కునే మలుపును ఎవరో పరాయి దేశపు గదిలో కూర్చుని ప్రేమగా, పట్టుదలగా, సెకనులో పదో వంతుకోసం మళ్లీ మళ్లీ చదువుతున్నాడంటే ఎంత గమ్మత్తు! చివరి చుట్లలో జాన్-ఎరిక్ వెర్న్ బ్యాటరీలో శక్తి అడుగంటుతుంటే, తనకన్నా ఎక్కువ శక్తి మిగిల్చుకున్న నిక్ కాసిడీని వెనకే ఆపుకుంటూ వచ్చిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. పిసినారితనం కూడా ఇంత అందంగా ఉంటుందా! అర సెకనైనా లేని తేడాతో గెలిచాడు. ఆ పొదుపంతా ముందే తెర మీద లెక్కవేసుకున్నదే. కాసిడీ ఏ మలుపులో ఏ వైపు ముక్కు దూరుస్తాడన్నది మాత్రం ఏ తెరా చెప్పలేదు. అక్కడ పలికింది వెర్న్ మనిషితనం.

అందుకే నా తీర్పు దాచుకోను. తెర మీది విద్య తారు మీద నిలుస్తుంది. చూపూ లయా పాదపు నేర్పూ చెక్కుచెదరకుండా దాటి వస్తాయి. మెడ తర్వాత నేర్చుకుంటుంది, నడుము తర్వాత మేలుకుంటుంది, భయం తన సమయంలో తాను వస్తుంది. భయం వచ్చేసరికి చేతులు పని మొదలుపెట్టేసి ఉంటాయి.

తెలుగునాట ఈ పిచ్చి పట్టిన పిల్లలు ఎంతోమంది ఉన్నారు. కార్ట్ కొనిపెట్టి, ఏళ్లతరబడి చెన్నై, కోయంబత్తూరు ట్రాకులకు తిప్పగల తల్లిదండ్రులు ఎందరుంటారు? స్టీరింగూ పెడళ్లూ కొనివ్వగలవారు మాత్రం చాలామందే. అర్ధరాత్రి మీ అబ్బాయో అమ్మాయో తెర ముందు కూర్చుని ఒకే మలుపును మళ్లీ మళ్లీ తిప్పుతుంటే వెంటనే లైటు ఆర్పేయకండి. ఒక్క ఐదు నిమిషాలు వెనక నిలబడి, తెరను వదిలేసి, ఆ చేతులను చూడండి.